ఇక్కడ ఎంపీసీ, బైపీసీ ఉండవు... గ్రూపు మనమే కట్టుకోవాలి

మనవాళ్లు నలుగురు ఎక్కడ కలిసినా, ఇంట్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలుంటే మాటలు చివరికి వాళ్ల చదువు దగ్గరికే వస్తాయి. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో అయితే అడిగే ప్రశ్న ఒకటే: 'ఏ గ్రూపు?' ఎంపీసీ అంటే ఇంజినీరింగు, బైపీసీ అంటే మెడిసిన్, ఎంఈసీ, సీఈసీ అంటే కామర్సు దారి. పిల్లాడు గ్రూపు పేరు చెబితే చాలు, అందులో ఏ సబ్జెక్టులు ఉండాలో ఇంటర్మీడియట్ బోర్డే చూసుకుంటుంది. మనం మరిచిపోయినా ఎంపీసీలోంచి ఫిజిక్సు జారిపోదు.

ఇంగ్లండ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ పదహారేళ్లకు జీసీఎస్ఈ పరీక్షలు రాసిన పిల్లలు ఆ తర్వాత రెండేళ్లకు మూడే మూడు సబ్జెక్టులు ఎంచుకుంటారు. కాలేజీ ఇచ్చే జాబితాలో ఇరవై, ముప్పై సబ్జెక్టులుంటాయి. అందులో ఏ మూడు కలిపితే ఏ దారి తెరుచుకుంటుందో, ఏ దారి మూసుకుపోతుందో జాబితా చెప్పదు. మ్యాథ్స్, సైకాలజీ, మీడియా స్టడీస్ అని రాసిస్తే 'సరే' అని తీసుకుంటారు. రెండేళ్ల తర్వాత ఇంజినీరింగు అన్నప్పుడు గానీ ఫిజిక్సు లేదన్న సంగతి గుర్తుకు రాదు. కాబట్టి గ్రూపు ఇక్కడ కూడా ఉంది. కాకపోతే దాన్ని మనమే కట్టుకోవాలి. ఈస్ట్ హామ్, హౌన్స్‌లో, స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్... ఇలా మనవాళ్లు ఎక్కడున్నా ఇయర్ 11 పిల్లలున్న ఇళ్లలో తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

అసలు సిక్స్త్ ఫాం అంటే?

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం కాస్త మొదటి నుంచి చెప్పుకుందాం. ఇయర్ 12, ఇయర్ 13... ఈ రెండేళ్ల చదువును కలిపి సిక్స్త్ ఫాం అంటారు. వయసు రీత్యా మన ఇంటర్మీడియట్‌తో సమానం. ఇంగ్లండ్‌లో పిల్లలు పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు ఏదో ఒక చదువులోనో, శిక్షణలోనో ఉండాలన్న నిబంధన 2015 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే చోట ఈ రెండేళ్లకు ట్యూషన్ ఫీజు ఉండదు. వర్క్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులతో కలిసి ఉంటున్న పిల్లలకు కూడా సాధారణంగా ఇదే వర్తిస్తుంది. స్కాట్లాండ్ పద్ధతి వేరు. అక్కడ హయ్యర్స్ అనే పరీక్షలుంటాయి, ఈ వ్యాసంలో చెబుతున్న లెక్కలు అక్కడ పనికిరావు.

ఈ చదువు దొరికే చోట్లు ముఖ్యంగా మూడు. మొదటిది, ఇప్పుడు చదువుతున్న స్కూల్లోనే ఉండే సిక్స్త్ ఫాం. తెలిసిన టీచర్లు, తెలిసిన దారి. రెండోది సిక్స్త్ ఫాం కాలేజీ. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వాళ్ల కోసమే నడిచే కాలేజీ ఇది. ఈ తరహాలో మొదటిది 1966లో లూటన్‌లో మొదలైంది. కేంబ్రిడ్జ్‌లోని హిల్స్ రోడ్, వించెస్టర్‌లోని పీటర్ సైమండ్స్ ఈ కోవలో పేరున్న పెద్ద కాలేజీలు. యూనిఫాం ఉండదు, టీచర్లను పేరు పెట్టి పిలిచే చోట్లు కూడా ఉన్నాయి, సబ్జెక్టులు ఎక్కువ. క్లాసుకూ క్లాసుకూ మధ్య ఖాళీ గంటలుంటాయి. ఆ గంటల్లో లైబ్రరీలో కూర్చునే పిల్లాడికి అది వరం. ఎవరైనా వెనకాల ఉండి తోస్తే తప్ప కదలని పిల్లాడికి అదే ఇబ్బంది. మూడోది ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీ. ఇక్కడ ఏ లెవెల్స్ కన్నా వృత్తి విద్యా కోర్సులు ఎక్కువగా ఉంటాయి.

'ఏది మంచిది?' అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. పేరు చూసి పరుగెత్తడం మన దగ్గర కార్పొరేట్ కాలేజీల నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడ మాత్రం మన పిల్లలకు కావలసిన మూడు సబ్జెక్టులూ ఒకేచోట దొరకడం, రోజూ వెళ్లి రాగలిగే దూరం కావడం ముందు చూసుకోవాలి. డిసెంబరులో పొద్దున్నే చీకట్లో రెండు బస్సులు మారి వెళ్లాల్సిన కాలేజీ ఎంత గొప్పదైనా, రెండేళ్లపాటు ఆ ప్రయాణం చేయాల్సింది పిల్లలే.

వెనక నుంచి ముందుకు

గ్రూపు కట్టుకోవడానికి తేలికైన పద్ధతి, చివరి మెట్టు నుంచి కిందికి దిగి రావడం. యూనివర్సిటీలో ఏ కోర్సు చదవాలని ఉందో దాని ప్రవేశ నిబంధనలు ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్లోనే ఉంటాయి. ఒక కోర్సుకు నాలుగైదు యూనివర్సిటీల పేజీలు తెరిచి చూస్తే ఏ సబ్జెక్టు తప్పనిసరో, ఏది ఉంటే మంచిదో అరగంటలో తెలిసిపోతుంది. రస్సెల్ గ్రూపుగా పిలిచే 24 యూనివర్సిటీలు ఇదే పనికోసం 'ఇన్‌ఫార్మ్‌డ్ చాయిసెస్' పేరుతో 2019లో వెబ్‌సైటు పెట్టాయి. అందులో మూడు సబ్జెక్టులు నొక్కితే ఏ కోర్సులకు దారి ఉందో చూపిస్తుంది. పైసా ఖర్చు లేదు.

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే కోర్సుల సంగతి చూద్దాం.

మెడిసిన్: కెమిస్ట్రీ దాదాపు అన్నిచోట్లా అడుగుతారు. చాలాచోట్ల బయాలజీ కూడా కావాలి. ఈ రెండింటిలో ఒకటి ఉన్నా చాలనే మెడికల్ స్కూళ్లు కొన్ని ఉన్నాయి గానీ, వాటి మీదే ఆశ పెట్టుకోవడమంటే ఉన్న తలుపుల్లో సగం మనమే మూసేసుకోవడం. ఈ రెండూ ఉంటే మూడోది దాదాపు ఏదైనా కావచ్చు. డెంటిస్ట్రీకి కూడా ఇదే జంట. ఫార్మసీకి కెమిస్ట్రీ ముఖ్యం.

ఇంజినీరింగు: మ్యాథ్స్, ఫిజిక్స్. కెమికల్ ఇంజినీరింగు అయితే మ్యాథ్స్‌తో పాటు కెమిస్ట్రీ. పెద్ద యూనివర్సిటీల్లో పోటీ పడాలనుకుంటే ఫర్దర్ మ్యాథ్స్ బలాన్నిస్తుంది.

కంప్యూటర్ సైన్స్: ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఏ లెవెల్‌లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటేనే సీటు వస్తుందని అనుకుంటారు. నిజానికి పేరున్న యూనివర్సిటీలు చాలావరకు పట్టుబట్టేది మ్యాథ్స్ కోసం. కంప్యూటర్ సైన్స్ ఏ లెవెల్ ఉంటే మంచిదే, లేకపోతే తలుపు మూసుకుపోదు. మ్యాథ్స్ లేకపోతే మాత్రం చాలా తలుపులు మూసుకుపోతాయి.

ఎకనామిక్స్: ఇదీ అంతే. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల అడిగేది మ్యాథ్స్. ఏ లెవెల్‌లో ఎకనామిక్స్ చదవని వాళ్లు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

లా: ఫలానా సబ్జెక్టు ఉండి తీరాలన్న నియమం సాధారణంగా లేదు. హిస్టరీ, ఇంగ్లిష్ లిటరేచర్ లాంటి వ్యాసాలు రాసే సబ్జెక్టు ఒకటి ఉంటే ఆ చదువుకు అలవాటు పడతారు.

ఈ జాబితా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. మ్యాథ్స్, కెమిస్ట్రీ... ఈ రెండూ ఎక్కువ తలుపులకు తాళంచెవులు. ఏం చదవాలో ఇంకా తేల్చుకోని పిల్లలు, ఈ రెండింటిలో తమకు బాగా వచ్చినదాన్ని ఒకటైనా ఉంచుకుంటే తర్వాత మనసు మారినా చోటుంటుంది.

మనసు మారడం మామూలే. అమ్మాయి మ్యాథ్స్, బయాలజీ, సైకాలజీ తీసుకుందనుకుందాం. ఇయర్ 12 చివరలో మెడిసిన్ మీద మనసు పడింది. తెలివైన పిల్లే, మార్కులూ ఉన్నాయి. కెమిస్ట్రీ ఒక్కటే లేదు. అప్పుడు ఆమె ముందున్నవి, కెమిస్ట్రీ అక్కర్లేని కొద్దిపాటి మెడికల్ స్కూళ్లు, లేదా ఇంకో ఏడాది కూర్చుని ఆ సబ్జెక్టు పూర్తి చేయడం. సైన్స్ లేనివాళ్ల కోసం ఒక ఏడాది అదనంగా ఉండే కోర్సులు కొన్నిచోట్ల ఉన్నాయి గానీ సీట్లు చాలా తక్కువ. పదహారేళ్లప్పుడు ఒక గడిలో పెట్టిన టిక్కు ఇంత దూరం వస్తుంది.

మరో అపోహ కూడా మనవాళ్లలో ఉంది. జీసీఎస్ఈలో ట్రిపుల్ సైన్స్ తీసుకోకపోతే ఏ లెవెల్‌లో సైన్సు రాదని. అది నిజం కాదు. కంబైన్డ్ సైన్స్ చదివిన వాళ్లు కూడా కాలేజీ అడిగిన గ్రేడు ఉంటే ఏ లెవెల్ కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ తీసుకోవచ్చు. మొదట్లో కొంచెం ఎక్కువ కష్టపడాలి, అంతే.

మూడా? నాలుగా?

మన ఇళ్లలో తప్పకుండా వచ్చే వాదన ఇది. 'పక్కింటి వాళ్ల బాబు నాలుగు తీసుకున్నాడు, నువ్వు మూడేనా?' అని. సంగతేమిటంటే, యూనివర్సిటీలు సాధారణంగా సీటు ఇచ్చేది మూడు సబ్జెక్టుల గ్రేడ్ల మీదే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లతో సహా. నాలుగో సబ్జెక్టుకు అర్థం ఉండే సందర్భం ముఖ్యంగా ఒకటి: ఫర్దర్ మ్యాథ్స్. కేంబ్రిడ్జ్‌లో మ్యాథ్స్ చదవాలంటే అది కావాల్సిందే. ఇంకో సంగతి, మ్యాథ్స్, ఫర్దర్ మ్యాథ్స్ రెండింటినీ కలిపి ఒకే సబ్జెక్టుగా లెక్కవేసే మెడికల్ స్కూళ్లున్నాయి. అందుకే మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లు అక్కడి నిబంధన చూసుకోవాలి.

అంకెల్లో చూద్దాం. యూనివర్సిటీ దరఖాస్తులు నడిపే సంస్థ యూకాస్ లెక్క ప్రకారం ఏ లెవెల్‌లో ఏ స్టార్‌కు 56 పాయింట్లు, ఏ గ్రేడుకు 48, బీకి 40, సీకి 32. నాలుగు సబ్జెక్టుల్లో నాలుగు సీలు వస్తే 128. మూడింటిలో మూడు ఏలు వస్తే 144. పైగా పోటీ ఎక్కువ ఉన్న యూనివర్సిటీలు పాయింట్లు కూడటం కాకుండా నేరుగా గ్రేడ్లే అడుగుతాయి. సీలు నాలుగున్నా అక్కడ పనిచేయవు. చదివే శక్తి మిగిలితే నాలుగో సబ్జెక్టుకు బదులు ఈపీక్యూ అనే ప్రాజెక్టు తీసుకోవచ్చు. అది సగం ఏ లెవెల్‌తో సమానం. పిల్లలు తమకు నచ్చిన అంశం ఎంచుకుని సొంతంగా పరిశోధించి రాస్తారు.

ఇంకో మార్పు కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ ఎప్పట్నుంచో ఉంటున్న కొందరు 'ఇయర్ 12లో ఏఎస్ రాసేస్తే సగం మార్కులు చేతిలో పడతాయి' అని సలహా ఇస్తుంటారు. అది పాత మాట. ఇంగ్లండ్‌లో 2015 నుంచి మొదలైన కొత్త ఏ లెవెల్స్‌లో ఏఎస్ మార్కులు కలవవు. రెండేళ్ల చదువుకు పరీక్షలు చివరలోనే. అలాగని ఇయర్ 12ను తేలిగ్గా తీసుకోకూడదు. యూకాస్ దరఖాస్తులో టీచర్లు రాసే అంచనా గ్రేడ్లకు ఇయర్ 12 చివర కాలేజీ పెట్టే పరీక్షలే చాలావరకు ఆధారం. ఆ అంచనా గ్రేడ్లు చూసే యూనివర్సిటీలు ఆఫర్ ఇస్తాయి.

'హిస్టరీ చదివి ఏం చేస్తావు?'

మనందరి ఇళ్లలో ఈ ప్రశ్న పుడుతుంది. మనం వచ్చిన చోట హిస్టరీ అంటే సీటు రానివాళ్లు చదివేది అన్న భావన బలంగా ఉండేది. ఇక్కడ లెక్క వేరు. హిస్టరీ, జాగ్రఫీ, ఇంగ్లిష్ లిటరేచర్‌లకు యూనివర్సిటీల్లో మంచి గౌరవం ఉంది. కెమిస్ట్రీ, బయాలజీ, హిస్టరీ తీసుకున్న పిల్ల మెడిసిన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మ్యాథ్స్, ఎకనామిక్స్, హిస్టరీ తీసుకున్న పిల్లాడు లాకు వెళ్లవచ్చు, ఎకనామిక్స్‌కూ వెళ్లవచ్చు.

అందుకే మేము చెప్పే సూత్రం చిన్నది. మూడింటిలో రెండు దారికోసం, ఒకటి పిల్లల ఇష్టం కోసం. రెండు సబ్జెక్టులు కావలసిన కోర్సు తలుపు తెరుస్తాయి. మూడోది పొద్దున్నే కాలేజీకి వెళ్లాలనిపించేలా చేస్తుంది. ఆ మూడోదానిలోనే మంచి గ్రేడు వచ్చేది కూడా. ఫిజిక్స్ అంటే గుండెల్లో రాయి పడే పిల్లాడి చేత బలవంతాన ఫిజిక్స్ తీసుకునేలా చేస్తే రెండేళ్ల తర్వాత వచ్చే గ్రేడుతో ఇంజినీరింగు సీటూ రాదు, తనకు ఇష్టమైన చదువూ ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. జీసీఎస్ఈలో 8, 9 వచ్చిన సబ్జెక్టు ఏ లెవెల్‌లోనూ అలాగే సాగుతుందన్న హామీ కూడా లేదు. మ్యాథ్స్, కెమిస్ట్రీల్లో ఆ ఎత్తు చాలామందికి మొదటి టర్మ్‌లోనే తెలిసొస్తుంది. కాబట్టి సిలబస్ పుస్తకం ఒకసారి తెప్పించి పిల్లల చేతికిచ్చి, 'ఇది రెండేళ్లు చదవగలవా?' అని నిదానంగా అడగాలి.

ఏ లెవెల్స్ కాకపోతే?

ఏ లెవెల్స్ ఒక్కటే దారి కాదు. బీటెక్ అనే కోర్సులున్నాయి. పేరు విని మన బీటెక్ అనుకునేరు, దానికీ దీనికీ సంబంధం లేదు! ఇది డిగ్రీ కాదు, ఏ లెవెల్ స్థాయి వృత్తి విద్య. పరీక్షల కన్నా కోర్సువర్కుకు ప్రాధాన్యం ఎక్కువ. వీటితో సీటు ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, మెడిసిన్ లాంటి వాటికి మాత్రం చాలాచోట్ల పనికిరావు. 2020 సెప్టెంబరులో టీ లెవెల్స్ వచ్చాయి. ఒక టీ లెవెల్ మూడు ఏ లెవెల్స్‌తో సమానం. అందులో కనీసం 45 రోజులు ఏదైనా కంపెనీలో పనిచేయాలి. 2025 అక్టోబరులో ప్రభుత్వం వీ లెవెల్స్ అనే ఇంకో కొత్త అర్హతను ప్రకటించింది. మరోపక్క కొన్ని బీటెక్ కోర్సులకు నిధులు ఆపే పని నడుస్తోంది. అందుకని ఈ దారిలో వెళ్లేవాళ్లు 'మా పిల్లాడు చేరే ఏడాది ఈ కోర్సు ఉంటుందా?' అని కాలేజీని ముందే అడగడం మంచిది.

ఒక షరతు మాత్రం ఏ దారిలో వెళ్లినా ఉంటుంది. జీసీఎస్ఈ మ్యాథ్స్‌లోగానీ, ఇంగ్లిష్‌లోగానీ గ్రేడు 4 రాకపోతే సిక్స్త్ ఫాంలో కూడా ఆ సబ్జెక్టు చదువుతూనే ఉండాలి.

దరఖాస్తు ఎప్పుడు? ఎలా?

యూనివర్సిటీలకు యూకాస్ ఉన్నట్టు సిక్స్త్ ఫాంలకు దేశమంతటికీ ఒకే దరఖాస్తు లేదు. చాలావరకు ఏ కాలేజీకి ఆ కాలేజీ వెబ్‌సైట్లోనే అప్లై చేయాలి. తేదీలూ ఎవరివి వాళ్లవే. అయినా మొత్తం మీద ఏడాది ఇలా నడుస్తుంది.

ఇయర్ 11 మొదలైన సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఓపెన్ ఈవెనింగ్‌లు. అక్టోబరు నుంచి జనవరి దాకా దరఖాస్తులు. కొన్ని కాలేజీలు క్రిస్మస్‌కు ముందే తలుపులు మూసేస్తాయి. శీతాకాలంలోనే స్కూళ్లలో మాక్ పరీక్షలుంటాయి. వాటి ఆధారంగా స్కూలు అంచనా గ్రేడ్లు పంపుతుంది. తర్వాత కాలేజీ ఇంటర్వ్యూకు పిలుస్తుంది. అది భయపడాల్సిన ఇంటర్వ్యూ కాదు. పిల్లలు ఎంచుకున్న సబ్జెక్టులు వాళ్లకు సరిపోతాయా లేదా అన్న మాటలే ఎక్కువ. వసంతకాలానికి షరతులతో కూడిన ఆఫర్ వస్తుంది. మే, జూన్‌లో జీసీఎస్ఈలు. ఆగస్టులో ఒక గురువారం ఫలితాలు.

ఆఫర్‌లోని షరతులు రెండు రకాలు. ఒకటి కాలేజీలో చేరడానికి: ఐదు సబ్జెక్టుల్లో 4 లేదా 5 వంటివి. రెండోది ఒక్కో సబ్జెక్టుకు విడిగా. మ్యాథ్స్‌కు 7, ఫర్దర్ మ్యాథ్స్‌కు 8 అడిగే చోట్లున్నాయి. మనవాళ్లు మొదటిది చూసి నిశ్చింతగా ఉండి రెండోది చూడరు. కాలేజీలో సీటు ఉండి, కెమిస్ట్రీలో మాత్రం చోటు దొరకని పరిస్థితి ఇలాగే వస్తుంది.

ఒక్క కాలేజీతో ఆగకండి. సొంత స్కూలు సిక్స్త్ ఫాంతో పాటు మరో రెండు మూడు చోట్ల అప్లై చేయండి. ఒకటి ఆశ పడేది, ఒకటి తప్పకుండా వచ్చేది, ఒకటి ఇంటికి దగ్గరది. ఇందులో తప్పేమీ లేదు, అందరూ చేసేదే.

ఓపెన్ ఈవెనింగ్‌లో ఏం అడగాలి?

మేము గమనించినంతలో మన తల్లిదండ్రులు ఓపెన్ ఈవెనింగ్‌కు వెళ్లి, ప్రిన్సిపాల్ ఉపన్యాసం విని, బ్రోషర్ తీసుకుని వచ్చేస్తారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి.

మా పిల్లలకు కావలసిన మూడు సబ్జెక్టులూ టైంటేబుల్‌లో కలుస్తాయా? కాలేజీలు సబ్జెక్టులను బ్లాకులుగా విడదీస్తాయి, ఒకే బ్లాకులో ఉన్న రెండు సబ్జెక్టులు కలిపి తీసుకోవడం కుదరదు. ఫర్దర్ మ్యాథ్స్ లాంటి వాటికి పిల్లలు తక్కువైతే క్లాసు నడుపుతారా, రద్దు చేస్తారా? ఇయర్ 12 నుంచి ఇయర్ 13కు వెళ్లడానికి కనీస గ్రేడు ఏమైనా పెట్టారా? సెప్టెంబరులో చేరాక సబ్జెక్టు మార్చుకోవడానికి ఎన్ని వారాలు గడువు? మెడిసిన్‌కు వెళ్లేవాళ్లకు యూక్యాట్ పరీక్షకు, ఇంటర్వ్యూలకు సాయం చేస్తారా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ఎందుకంటే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు, మెడిసిన్, డెంటిస్ట్రీలకు యూకాస్ గడువు ఇయర్ 13లో అక్టోబరు 15తోనే ముగుస్తుంది. మిగతా కోర్సులకు జనవరి దాకా సమయం ఉంటుంది. అంటే ఇయర్ 12లో చేరిన పదమూడు నెలలకే దరఖాస్తు వెళ్లిపోవాలి.

ఈ ప్రశ్నలు పిల్లల చేతే అడిగించండి. కాలేజీ వాళ్లు మాట్లాడాలనుకునేది వాళ్లతోనే.

ఫలితాల రోజు

ఆగస్టులో ఫలితాలు వచ్చిన రోజు నుంచే కాలేజీల్లో ఎన్‌రోల్‌మెంట్ మొదలవుతుంది. ఫలితాల పత్రం, పాస్‌పోర్టు లేదా గుర్తింపు పత్రం, చిరునామా రుజువు దగ్గర పెట్టుకోవాలి. చాలామంది మనవాళ్లు ఆగస్టులో ఇండియా టికెట్లు బుక్ చేసుకుంటారు. ఇయర్ 11 పూర్తయిన ఏడాది మాత్రం ఫలితాల తేదీ చూసుకుని, ఆ వారానికి తిరిగి వచ్చేలా వేసుకోండి. హైదరాబాద్ నుంచి ఫోన్లో సీటు కోసం మాట్లాడటం తేలిక కాదు.

అనుకున్న గ్రేడు ఒకటి తగ్గినా అక్కడితో కథ అయిపోదు. ఆ ఉదయమే కాలేజీకి వెళ్లి మాట్లాడితే సబ్జెక్టు మార్చడమో, వేరేదాంతో సర్దడమో చేస్తారు. చివరి నిమిషంలో ఖాళీ అయ్యే సీట్లు కూడా ఉంటాయి. కానీ వెళ్లి అడిగినవాళ్లకే.

ఖర్చుల సంగతి: తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు '16 నుంచి 19' బర్సరీ ఫండ్ ఉంది, కాలేజీనే అడగాలి. లండన్ పిల్లలకు 16 ప్లస్ జిప్ ఆయిస్టర్ కార్డుతో బస్సులు, ట్రాములు ఉచితం. చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటున్న వాళ్లు పిల్లలు చదువు కొనసాగిస్తున్నట్టు తెలియజేయాలి, లేకపోతే అది ఆగిపోతుంది.

వీసా లెక్క కూడా ఇప్పుడే

సిక్స్త్ ఫాంకు ఫీజు లేదని నిశ్చింతగా ఉన్న కుటుంబాలకు రెండేళ్ల తర్వాత అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ఇంగ్లండ్ యూనివర్సిటీల్లో హోమ్ ఫీజు 2025-26లో గరిష్ఠంగా ఏడాదికి 9,535 పౌండ్లు. దానికి స్టూడెంట్ లోను కూడా దొరుకుతుంది. ఓవర్సీస్ ఫీజుకు ఆ పరిమితి లేదు, ప్రభుత్వ లోనూ లేదు. ఐదారేళ్ల మెడిసిన్ అయితే ఆ తేడా ఒక ఇంటి ఖరీదంత అవుతుంది.

మనలాంటి కుటుంబాల్లో హోమ్ ఫీజుకు సాధారణంగా రెండు కావాలి. కోర్సు మొదలయ్యే విద్యా సంవత్సరం తొలి రోజుకు, అంటే శరదృతువులో మొదలయ్యే కోర్సులకు సెప్టెంబరు 1 నాటికి, పిల్లలకు సొంతంగా ఐఎల్ఆర్ లేదా పౌరసత్వం ఉండాలి. దానికి ముందు మూడేళ్లు ఇక్కడే నివసించి ఉండాలి. తండ్రికి ఐఎల్ఆర్ వచ్చి, పిల్లలది పెండింగ్‌లో ఉంటే లాభం లేదు. అలాగే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా, ఇండియాలో పెరిగి పద్దెనిమిదేళ్లకు వచ్చిన పిల్లలకు ఆ మూడేళ్ల నివాసం అడ్డు పడుతుంది. పైగా ఐఎల్ఆర్‌కు పట్టే ఐదేళ్లను పదేళ్లకు పెంచాలని ప్రభుత్వం 2025 మే నెలలో ప్రతిపాదించింది. కాబట్టి ఇయర్ 11లోనే క్యాలెండర్ ముందు పెట్టుకుని, పిల్లలు యూనివర్సిటీలో చేరే సెప్టెంబరుకు మన వీసా ఎక్కడుంటుందో లెక్క వేసుకోవాలి. కొద్ది నెలల తేడాలో ఐఎల్ఆర్ వచ్చేలా ఉంటే, ఏ లెవెల్స్ తర్వాత ఒక ఏడాది ఆగి చేరడం కూడా ఆలోచించదగ్గ దారే. ఆ మాట పిల్లలకు ముందే చెప్పి ఉంచితే అప్పుడు అది శిక్షలా అనిపించదు.

ఇండియాలో పదో తరగతి పూర్తి చేసి నేరుగా ఇక్కడికి వచ్చిన పిల్లలు కూడా ఇయర్ 12లో చేరవచ్చు. సీబీఎస్ఈ, స్టేట్ బోర్డు మార్కులను ఏ గ్రేడుగా చూడాలన్నది కాలేజీ నిర్ణయం. మార్కుల జాబితాలు దగ్గర పెట్టుకుని నేరుగా అడ్మిషన్స్ వాళ్లతో మాట్లాడటమే మార్గం. ఇంగ్లిష్, మ్యాథ్స్‌లకు విడిగా పరీక్ష పెట్టే చోట్లు కూడా ఉన్నాయి.

ఒక సాయంత్రం చాలు

ఇదంతా చదివి కంగారు పడాల్సిన పనిలేదు. ఒక ఆదివారం సాయంత్రం టీవీ ఆపేసి పిల్లలతో కూర్చోండి. ఒక కాగితం మీద వాళ్లకు ఇష్టమైన సబ్జెక్టులు వాళ్లనే రాయమనండి. పక్కన, చదవాలనుకునే రెండు మూడు కోర్సులు, వాటికి కావలసిన సబ్జెక్టులు రాయండి. రెండు వరుసల్లోనూ ఉన్నవాటి కింద గీత గీయండి. గ్రూపు అక్కడే కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ తేడా గురించే మాట్లాడుకోవాలి. స్కూల్లో కెరీర్స్ టీచర్ ఉంటారు, ఆ కాగితం తీసుకెళ్లి ఆయనకో ఆమెకో చూపించండి.

చివరి మాట మాత్రం పిల్లలనే చెప్పనివ్వండి. రెండేళ్లు ఆ పుస్తకాలతో కూర్చునేది వాళ్లు. ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది మూసుకుపోతుందో వాళ్లకు ముందుగా చూపించడం మన పని. ఏ తలుపులోంచి వెళ్లాలన్నది వాళ్ల పని.